ఒడ్డుకి చమురు కొట్టుకొస్తే ముందు ఏం చెయ్యాలి? 174 సంచుల తారు పెట్టుకుని అడుగుతున్నాను

సఖినేటిపల్లి_కుర్రాడు
అందరికీ నమస్కారమండి. మొన్న శుక్రవారం పొద్దున్న మా ఒడ్డుకి తారు ముద్దలు కొట్టుకొచ్చాయి. రేగిపండంతవి కొన్ని, కొబ్బరికాయంతవి కొన్ని, అంతర్వేది లైట్‌హౌస్ నుంచి తూర్పుగా రెండు కిలోమీటర్ల దాకా. ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ చెప్పలేదు. మా కుర్రాళ్ళం అరవై మందిమి పారలు, తట్టలు, బియ్యం సంచులు పట్టుకుని దిగిపోయాం. మధ్యాహ్నానికి 174 సంచులు నింపాం, ఫొటోలు దిగాం, గ్రూపుల్లో పెట్టాం, అందరూ శభాష్ అన్నారు. అక్కడి దాకా బానే ఉంది.

ఇప్పుడు ఆ సంచులు తుఫాను షెల్టర్ వెనకాల ఉన్నాయి. నాలుగు రోజుల ఎండకి తారు కరిగి సంచుల అడుగు నుంచి బెల్లం పాకంలా కారుతోంది. నిన్న ఎవరిదో దూడ వచ్చి దాని మీద పడుకుని లేచింది, ఒక పక్కంతా నల్లగా అయిపోయింది, పాపం. ఒక ఆఫీసుకి ఫోన్ చేస్తే సముద్రం నుంచి వచ్చింది కదా, మాది కాదన్నారు. ఇంకో ఆఫీసుకి చేస్తే ఒడ్డు మీద ఉంది కదా, మాది కాదన్నారు.

ఈ సంచులేం చెయ్యాలో చెప్పండి. ఇంకో మాట, ఇది చిన్నది కాబట్టి సరిపోయింది, రేపు ఏ ఓడో పగిలి నిజంగా పెద్దది వస్తే మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నాలుగు వందల మంది దిగుతారు, వాళ్ళందరినీ ఎలా నడిపించాలి? ఇలాంటి పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

గోదారిగాలి
దీనికింత చర్చ ఎందుకు బాబూ. గొయ్యి తీసి, అందులో పోసి, అగ్గిపుల్ల గీసెయ్.

ఇంజిన్‌రూమ్_కాకినాడ
పైన చెప్పిన పని మాత్రం చెయ్యొద్దు తమ్ముడూ. తడి ఇసుక కలిసిన తారు సరిగ్గా మండదు. పైన పొగ, అడుగున రాయిలాంటి గడ్డ, అదింకా కదలదు. పైగా ఎవరి పర్మిషన్ లేకుండా తగలబెట్టావంటే రేపు తప్పు నీ మీదకే వస్తుంది. పూడ్చడం కూడా అంతే, మన ఒడ్డు కోత ఒడ్డు, రెండేళ్ళలో సముద్రమే తవ్వి మళ్ళీ నీ చేతికిస్తుంది.

నేను పదహారేళ్ళుగా ఓడల్లో ఇంజినీరుని. ఆఫీసుల సంగతి చెప్తాను. మన దేశంలో చమురు ఒలికితే ఏం చెయ్యాలో ఒక జాతీయ ప్రణాళిక 1996 నుంచి ఉంది. దాని ప్రకారం సముద్రం మీద పని కోస్ట్ గార్డుది, మొత్తానికి సమన్వయం కూడా వాళ్ళదే. పోర్టు హద్దుల్లో అయితే పోర్టు వాళ్ళు చూసుకోవాలి. ఒడ్డుకి తగిలాక రాష్ట్రానిది, అంటే మనకి కలెక్టరు గారు, కాలుష్య నియంత్రణ మండలి. నీకు జవాబు చెప్పినవాళ్ళు ఇద్దరూ తమకి దగ్గరగా ఉన్న ముక్క పట్టుకుని తప్పించుకున్నారు. ఫోన్ వద్దు, కాగితం రాసి కలెక్టరేట్‌లో విపత్తుల విభాగానికి ఇచ్చి, రసీదు తీసుకో. సముద్రం మీద కొత్తగా తెట్టు కనిపిస్తే మాత్రం వెంటనే 1554, అది కోస్ట్ గార్డు నంబరు, కాకినాడలో వాళ్ళ స్టేషన్ ఉంది. తెట్టు ఎటు పోతుందో గాలి, ప్రవాహం లెక్కేసి చెప్పేది హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్. ఆ సమాచారం మీ దాకా రావాలంటే మీ ఊరి నుంచి ఒక్కడు, ఒకే ఒక్కడు, మండలాఫీసుతో మాట్లాడే మనిషిగా ఉండాలి. నలభై మంది నలభై ఫోన్లు చేస్తే ఎవరూ ఎత్తరు.

ఇంకోటి, ఎల్లుండి అమావాస్య. ఆ షెల్టర్ వెనకాలకి పెద్ద పోటు నీళ్ళు వస్తాయా?

సఖినేటిపల్లి_కుర్రాడు
వామ్మో. వస్తాయండి. పోయిన అమావాస్యకి షెల్టర్ మెట్ల దాకా వచ్చాయి. ఇది మాకు తట్టనే లేదు.

ఇంజిన్‌రూమ్_కాకినాడ
అయితే ముందు అది చూడు, మిగతాదంతా తర్వాత. ఎత్తు మీదకి మార్చు. కింద మందపాటి టార్పాలిన్ పరిచి, చుట్టూ ఇసుక మూటలతో అడుగెత్తున గట్టు కట్టి, దాని మీద పెట్టి, పైన ఇంకో టార్పాలిన్ కప్పు. వాన పడితే నూనె నీళ్ళు బయటకు పోకూడదు, అంతే దాని కిటుకు.

ఎన్నూరు_బకెట్టు
మాది అమలాపురమేనండి, 2017లో చెన్నైలో చదువుకుంటున్నాను. జనవరి 28 తెల్లవారుజామున ఎన్నూరు దగ్గర కామరాజర్ పోర్టు బయట రెండు ఓడలు గుద్దుకున్నాయి, డాన్ కాంచీపురం, బీడబ్ల్యూ మేపుల్. మొదట్లో ఏమీ ఒలకలేదన్నారు, తర్వాత కొంచెమే అన్నారు, ఆ కొంచెం రోజు రోజుకీ పెరిగింది. మా కాలేజీ నుంచి ఎర్నావూరు వెళ్ళాం. కోత ఆపడానికి సముద్రంలోకి పోసిన రాళ్ళ కట్టలు ఉంటాయి చూడండి, వాటి మూలల్లో జేరిపోయింది అదంతా. మురుగు లాగే లారీలు తెచ్చారు, పైపులు పూడిపోయాయి. అది నూనెలా ఉండదండి, రోడ్డు వేసే తారుకీ పెరుగుకీ మధ్యలో ఉంటుంది. చివరికి వరసగా నిలబడి బకెట్లు చేతులు మార్చుకోవడమే పనైంది.

మాలో కొంతమందికి మొదటిరోజు గ్లౌజులు లేవు. కొంతమందికి గుడ్డ గ్లౌజులు ఇచ్చారు, అవి ఇంకా దరిద్రం, నూనె పీల్చుకుని చేతికి అంటిపెట్టుకునే ఉంటాయి. సాయంత్రం కిరసనాయిలుతో రుద్ది కడిగాం, ఎవరో చెప్పారని. నాకు మోచేతుల దాకా దద్దుర్లు వచ్చి మూడు వారాలున్నాయి. తర్వాత ఒక డాక్టరు తిట్టారు, కిరసనాయిలు, పెట్రోలు చర్మం మీది కొవ్వు లాగేసి ఇదంతా లోపలికి పంపుతాయట. వంటనూనె రాసి, గుడ్డతో తుడిచి, సబ్బుతో కడుక్కోవాలి. ఈ ఒక్క ముక్క మీ అరవై మందికీ చెప్పండి ప్లీజ్.

ఇంకొకటి. మేము ఎత్తినదాంట్లో సగానికి పైగా ఇసుకా నీళ్ళే. ఎక్కువ ఎత్తితే ఎక్కువ శుభ్రం చేసినట్టు అనిపిస్తుంది అక్కడ. రాత్రికి ఆ డ్రమ్ములు చూస్తే తెలుస్తుంది.

ఇంజిన్‌రూమ్_కాకినాడ
నువ్వు చెప్పిన ఇసుక లెక్కకి పెద్ద ఉదాహరణ ఉంది. 1999 డిసెంబరులో ఫ్రాన్స్ దగ్గర ఎరికా అనే ట్యాంకరు రెండు ముక్కలైంది. ఒలికింది దాదాపు 20 వేల టన్నులు. ఒడ్డు మీద నుంచి ఎత్తిన చెత్త 2 లక్షల టన్నులు దాటింది! నూనె కంటే పదింతలు. దాన్నంతా ఎక్కడో పెట్టాలి, శుద్ధి చెయ్యాలి, ఏళ్ళు పట్టింది. అందుకే ఈ పనిలో ఆరితేరినవాళ్ళు బీచ్‌కి రాగానే పార ఎక్కడుంది అని అడగరు, సంచులు పోయే చోటు ఎక్కడుంది అని అడుగుతారు.

చెరువుగట్టు
రొయ్యల రైతులందరికీ ఒకే మాట. కబురు తెలిసిన నిమిషంలో ఉప్పుటేరు తూములు, షట్టర్లు దించెయ్యండి, మోటార్లు ఆపెయ్యండి. పోటు వచ్చాక చూద్దాంలే అనుకుంటే చెరువు పోయినట్టే. ఏరియేటర్లు ఆడుతుంటే నీళ్ళు మార్చకుండా కొన్ని రోజులు నెట్టుకురావచ్చు, మేత తగ్గించండి.

సరంగు_బలుసుతిప్ప
మా నాన్న పడవ నడిపే సరంగు, నేనూ సరంగునే. ఇసుక ఒడ్డు గురించి మీరు చెప్పుకోండి, మడ అడవి గురించి నేను చెప్తాను.

ఇసుక మీద పడింది ఎత్తొచ్చు. మడలోకి పోటుతో పాటు వెళ్ళింది పాటుకి తిరిగి రాదు. వెళ్ళేటప్పుడు నీళ్ళ మీద తేలుతూ వెళ్తుంది, నీళ్ళు తీసేటప్పుడు బురద మీదా, బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్ళ మీదా కూర్చుంటుంది. నల్లమడ, తెల్లమడ ఆ వేళ్ళతోనే ఊపిరి తీసుకుంటాయి. ముక్కు మీద తారు పూసినట్టు. అది చూసి కుర్రాళ్ళు జాలిపడి సంచి పట్టుకుని లోపలికి దిగుతారు, అదే తప్పు. ఒక్కడు నడిస్తే మోకాలు లోతు దిగుతాడు, ఒక్కో అడుగుకీ పైనున్న నూనెని మోకాలు లోతుకి తొక్కుతాడు. పైనుంటే ఎండకీ పోటుకీ ఎంతో కొంత పోతుంది, లోపలికి తొక్కింది మన పిల్లల కాలానికి కూడా అక్కడే ఉంటుంది.

మా వైపు చెయ్యగలిగింది ఏంటంటే, రాకముందే చిన్న చిన్న పాయల నోళ్ళు మూసుకోవడం. గౌతమి మొగ మొత్తం కట్టేస్తాం అని ఎవడైనా అంటే నమ్మకండి, ఆ పాటుకి ఏ బూమూ, అంటే నూనెని ఆపడానికి నీళ్ళ మీద తేల్చే ఏ అడ్డూ ఆగదు.

ఇంజిన్‌రూమ్_కాకినాడ
సరంగు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. తేలే బూమ్ ప్రవాహానికి అడ్డంగా కడితే ముప్పాతిక నాట్ దగ్గరే అడుగు నుంచి నూనె జారిపోతుంది, అంటే గంటకి దాదాపు 1.4 కిలోమీటర్లు, మనం తాపీగా నడిచే వేగంలో సగం కూడా కాదు. అందుకే ఏటవాలుగా కట్టి, నూనెని నెమ్మది నీళ్ళున్న ఒక మూలకి నడిపించి అక్కడ ఎత్తాలి. ఆ మూల ఎక్కడో మా పుస్తకాల్లో ఉండదు, మీకే తెలుస్తుంది. మీలాంటివాళ్ళు ముందే ఒక మ్యాపు మీద గీసిపెట్టాలి.

సరంగు_బలుసుతిప్ప
మ్యాపు ఎందుకండి, చెత్త ఎక్కడ పోగుపడుతుందో అక్కడే నూనే పోగుపడుతుంది. ప్లాస్టిక్ సీసాలు ఎక్కడ తేలుతున్నాయో చూస్తే చాలు.

ఎన్నూరు_బకెట్టు
ఈ ముక్క బంగారం.

గోదారిగాలి
చదువుకున్నోళ్ళ కబుర్లు బాగానే ఉన్నాయి. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలల పైన మండింది, నేను అప్పుడు ఎనిమిదో తరగతి, రాత్రుళ్ళు మా పెరట్లో దీపం అక్కర్లేకపోయింది. ఆర్పడానికి బయటి దేశం నుంచి మనుషులు వచ్చారు. అప్పుడు ఊళ్ళో వాళ్ళని అడిగినవాడు లేడు. రేపు నూనె వచ్చినా అంతే, మీరు మ్యాపులు గీసుకుంటూ కూర్చోండి, వాళ్ళు వచ్చేసరికి చేపలన్నీ పోతాయి. అందుకే జనం ఆగరు, ఆగకూడదు కూడా.

మలికిపురం_అక్క
గాలి గారూ, మీ కోపం నాకర్థమైంది. బంగ్లాదేశ్ వైపు సుందర్బన్స్‌లో 2014 డిసెంబరులో అదే జరిగింది. శెలా నదిలో ట్యాంకర్ మునిగి మూడున్నర లక్షల లీటర్ల ఫర్నేసు ఆయిలు మడ అడవిలోకి పోయింది. ఊళ్ళో జనమే స్పాంజీలు, గిన్నెలు పట్టుకుని దిగారు. అక్కడి ప్రభుత్వ కంపెనీ లీటరుకి 30 టాకాలిచ్చి కొంది. డబ్బులొస్తాయని చిన్న పిల్లలు కూడా దిగారు, ఒళ్ళంతా నల్లగా. జనం ఆగలేదు, నిజమే. కానీ ఆ పిల్లల్లో మన పిల్లలుంటే ఊరుకుంటామా?

తమ్ముడూ సఖినేటిపల్లి, నేను డ్వాక్రా సంఘాల లీడర్ని. నూనె గురించి నాకు తెలియదు, మనుషుల్ని నడపడం తెలుసు. తుఫాన్లకి మూడుసార్లు వంటశాల నడిపాను. నాలుగు వందల మంది అన్నావు. వాళ్ళకి రోజుకి నీళ్ళు ఎన్ని లీటర్లు కావాలో లెక్కేశావా? ఎండలో, రబ్బరు బూట్లలో, మూతికి మాస్కుతో ఒక మనిషి అరగంట పనిచేస్తే పావుగంట నీడలో కూర్చోవాలి. మజ్జిగ కావాలి. ఆడవాళ్ళు ఉంటారు, బాత్రూములు కావాలి, బీచ్‌లో ఎక్కడున్నాయి? ఇవి లేకపోతే రెండో రోజుకి నాలుగు వందలు నలభై అవుతాయి.

నేనైతే ఇలా చేస్తాను. పదిమందికి ఒక మేస్త్రి. లైట్‌హౌస్ నుంచి రెండేసి వందల మీటర్లకి ఒక కర్ర, కర్రకి నంబరు, ఒక జట్టుకి ఒక నంబరు. ఎవరు ఎక్కడున్నారో సాయంత్రం నా పుస్తకంలో ఉండాలి. సంచి సగమే నింపాలి, పది, పన్నెండు కేజీలు మించకూడదు, ఆ పైన నా వాళ్ళ నడుము పోతుంది. గర్భిణులు, ఆయాసం ఉన్నవాళ్ళు, పద్దెనిమిది నిండనివాళ్ళు నూనె దగ్గరికి రాకూడదు, వాళ్ళకి వంట దగ్గర, లెక్కల దగ్గర పని ఇస్తాను. మూడు తాళ్ళు కట్టిస్తాను. నూనె వైపు ఒకటి, కడుక్కునే చోటు ఒకటి, శుభ్రమైన వైపు ఒకటి. నూనె బూట్లతో మజ్జిగ కుండ దగ్గరికి వచ్చినవాడికి మజ్జిగ లేదు, వాడు సర్పంచి గారబ్బాయి అయినా సరే.

ఇంజిన్‌రూమ్_కాకినాడ
అక్కా, మీ పుస్తకమే ఈ మొత్తం పనికి గుండెకాయ. ఒక మాట కలపండి. తాజా చమురు అయితే, పెట్రోలు బంకు వాసన గుప్పుమంటే, మొదటిరోజు ఎవర్నీ దింపకండి. ఆ ఆవిరి విషం, గాలికి ఎగువన నిలబడి గ్యాస్ మీటరు పెట్టి కొలిచి సరే అన్నాకే. తారు ముద్దలకి ఆ భయం తక్కువ.

పీచు_అంబాజీపేట
కోనసీమలో కొబ్బరి పొట్టు కొండలు కొండలుగా పడుంది, నూనె పీల్చడంలో దానికి మించింది లేదు. మా ఫ్యాక్టరీ వెనకాలే పదిహేను లారీలుంటుంది, ఉచితంగా ఇస్తాను. బీచ్ అంతా చల్లేస్తే అయిపోదా?

ఎన్నూరు_బకెట్టు
చల్లితే మాత్రం అయిపోతామండి. నూనె ప్లస్ పొట్టు, రెండూ ఏరాలి.

ఇంజిన్‌రూమ్_కాకినాడ
మీ మనసు పెద్దది సార్, కానీ విడి పొట్టు చల్లకూడదు. సగం మునుగుతుంది, సగం గాలికి పోతుంది, మిగిలింది చెత్త లెక్కలో కలుస్తుంది. అయితే మీ ఐడియా వదలొద్దు. 2020లో మారిషస్‌లో వకాషియో ఓడ పగిలినప్పుడు అక్కడి జనం చెరకు ఆకు గుడ్డ గొట్టాల్లో కుక్కి, తేలడానికి సీసాలు కట్టి, సొంతంగా బూములు తయారు చేసుకున్నారు. మనకి పాత వలలున్నాయి, పీచుంది. పొట్టు కాదు, పొడుగు పీచు, వలలో చుట్టి తాడుతో బిగిస్తే, సరంగు గారి చిన్న పాయల నోటికి సరిగ్గా సరిపోతుంది. తడిసి బరువెక్కక ముందే తీసి కొత్తది వెయ్యాలి.

సరంగు_బలుసుతిప్ప
వలలు నేనిస్తాను. చినిగినవి ఇంటింటికీ ఉన్నాయి.

సర్వేయర్_భీమవరం
ఆలస్యంగా వచ్చాను. ఓడల ఇన్సూరెన్స్ సర్వేలు చేస్తాను. డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నాను. ట్యాంకరు నుంచి ఒలికిన చమురైతే అంతర్జాతీయ ఒప్పందాల కింద శుభ్రం చేసిన ఖర్చు, వేట పోయిన నష్టం అడగొచ్చు, 1992 ఒప్పందాల్లో మన దేశమూ ఉంది. నష్టం జరిగిన మూడేళ్ళలోపు అడగాలి. కానీ "మా ఊరంతా పనిచేసింది" అంటే పైసా రాదు. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలు, ఏ నంబరు కర్ర దగ్గర, ఎన్ని సంచులు, ట్రాక్టరు డీజిల్ బిల్లు, ఇవి కావాలి. అక్క గారి పుస్తకం లాంటిది చేతిరాతతో ఉన్నా చాలు, ఏ రోజుది ఆ రోజు రాసి సంతకం ఉండాలి. జాలర్లు మామూలు రోజుల్లో చేపలమ్మిన చీటీలు దాచుకోవాలి, మామూలుగా ఎంత వచ్చేదో చూపిస్తేనే ఎంత పోయిందో లెక్క తేలుతుంది. మనవాళ్ళు ఆ చీటీలతో చుట్ట కాల్చుకుంటారు.

కుర్రాడు గారూ, మీ తారులోంచి నాలుగైదు ముద్దలు శుభ్రమైన గాజుసీసాలో వెయ్యండి. ప్లాస్టిక్ వద్దు. తేదీ, చోటు రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఏ చమురో ల్యాబ్‌లో వేలిముద్రలా పట్టుకోవచ్చు.

సఖినేటిపల్లి_కుర్రాడు
ఫ్రిజ్‌లో అంటే మా అమ్మ ఒప్పుకోదండి, అయినా చూస్తాను. ఆ గజం గజం తవ్వే ట్రాక్టర్లు, జేసీబీ పెడితే పని తొందరగా అవుతుంది కదా అని మావాళ్ళంటున్నారు, పెద్దది వస్తే?

మలికిపురం_అక్క
జనవరి నుంచి మార్చి దాకా ఆ ఇసుకలో తాబేళ్ళు గుడ్లు పెడతాయి తమ్ముడూ. జేసీబీ కింద ఏముందో దానికి తెలియదు.

ఇంజిన్‌రూమ్_కాకినాడ
తాబేళ్ళు లేకపోయినా వద్దు. చక్రాలు నూనెని కిందకి తొక్కుతాయి, ఒక అలకి కొత్త ఇసుక పైన పరుచుకుంటుంది, పొరలు పొరలుగా పూడిపోతుంది. తర్వాత గొయ్యి తవ్వి చూస్తే తెలుపు, నలుపు, తెలుపు. ట్రాక్టరు పై దారిలోనే ఉండాలి, ఒడ్డు మీదకి మనుషులే.

అన్నిటికంటే చవకైన పని ఒకటుంది. తెట్టు ఇంకా సముద్రంలో ఉండగానే, రేపో ఎల్లుండో తగులుతుందని తెలియగానే, ఒడ్డు మీది ప్లాస్టిక్, దుంగలు, చినిగిన వలలు అన్నీ పెద్ద పోటు గీత పైకి ఏరి పారెయ్యాలి. అప్పుడది మామూలు చెత్త. నూనె అంటాక అదే విషం చెత్త. నీ నాలుగు వందల మందికి మొదటి రోజు పని అదే, గ్లౌజులు కూడా పెద్దగా అక్కర్లేదు. గాలి గారి కోపానికి కూడా అది మందు, ఎవరి కోసమూ ఆగక్కర్లేదు.

ఇక నీ సంచుల్లో కొబ్బరికాయంతవి అలాగే పెట్టు, చిన్నవాటితో కలిసిన ఇసుక సంగతికి ఒక ఉపాయం. తెల్లవారుజామున తారు గట్టిగా ఉంటుంది. అప్పుడు జల్లించు. ఎండెక్కాక జల్లెడకే అంటుకుంటుంది.

గోదారిగాలి
చెత్త ఏరడానికైతే నేనొస్తాను. మా ఊరి నుంచి ఒక ఆటో.

సఖినేటిపల్లి_కుర్రాడు
అప్‌డేట్ అండి. నిన్న సాయంత్రం పోటు రాకముందే సంచులన్నీ స్కూలు పక్క మెరక మీదకి మార్చాం. ఆరు సంచులు చేతిలోనే చిరిగిపోయాయి, వాటి కింద ఇసుక కూడా గోకి ఎత్తాం. రాత్రి నీళ్ళు షెల్టర్ గోడకి తగిలాయి, సరిగ్గా సంచులున్న చోట.

ఈరోజు నాలుగున్నరకి లేచి పన్నెండు మందిమి, రబ్బరు గ్లౌజులు వేసుకుని, జల్లించడం మొదలుపెట్టాం. ఏడున్నరకి ఎండ తగలగానే ఆపేశాం, ఇంజినీరు గారు చెప్పినట్టే అంటుకోవడం మొదలైంది. 58 సంచులు జల్లిస్తే తారు తొమ్మిది సంచులకి వచ్చింది. తొమ్మిది! మిగతాదంతా మేము సముద్రం నుంచి ఎత్తుకొచ్చిన ఇసుక. ఆ ఇసుక టార్పాలిన్ మీద వేరేగా పోశాం, చూసి చెప్పేదాకా తిరిగి ఒడ్డున వెయ్యం. కాగితం ఇచ్చి రసీదు తీసుకున్నాను, సోమవారం మనిషిని పంపిస్తామన్నారు. సీసా ఫ్రిజ్‌లో పెట్టాను, ఆవకాయ అనుకుని మా నాన్న మూత తీశాడు.

దూడకి వంటనూనె రాసి తుడిచాం, బానే ఉంది. జల్లెడలు మాత్రం మా పిన్నివి, ఇంక తిరిగి తీసుకోనంది.